ఆ పదహారంకెలు మనకొద్దు

ఇంట్లో ఉండి చిన్న దుకాణం నడుపుకుంటున్న ఆడవాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపిస్తున్నారు. ఒకావిడ మంగళగిరి నుంచి చీరలు తెప్పించి అమ్ముతుంది. ఇంకొకావిడ కందిపొడి, కరివేపాకు పొడి, సున్నుండలు చేసి పంపుతుంది. మగ్గం వర్కు జాకెట్లు కుట్టేవాళ్లు, పసిపిల్లలకి ఉన్ని టోపీలు అల్లేవాళ్లు... చెప్పుకుంటూ పోతే చాలామందే. బోర్డుండదు, షట్టరుండదు, ఫోనే కొట్టు. కాస్త నిలదొక్కుకున్నాక ఎవరో తెలిసిన కుర్రాడి చేత ఒక వెబ్‌సైటు పెట్టించుకుంటారు. ఊళ్లోవాళ్లు యూపీఐలో డబ్బు వేసేస్తారు కాబట్టి అక్కడ పెద్ద పేచీ లేదు. పేచీ అంతా క్రెడిట్ కార్డు దగ్గరే.

డాలస్ నుంచి ఓ అమ్మాయి ఫోన్ చేస్తుంది. "అక్కా, మీ సైటులో డబ్బు కట్టడం అవడం లేదు. కార్డు ఫొటో వాట్సాప్‌లో పెడతాను, మీరే కొట్టేసుకోండి." తెనాలి నుంచి ఓ రిటైర్డు టీచరుగారు చేస్తారు. "అమ్మాయ్, ఆ నొక్కడాలు నాకు చేతకావు. నంబరు చెప్తాను రాసుకో. ఓటీపీ వస్తే అదీ చెప్తాను." ఇద్దరూ మంచివాళ్లే. నమ్మకం కొద్దీ అంటున్న మాటలే. అమ్మేవాళ్లు కూడా మొహమాటానికి పోయి సరేనంటారు. వచ్చిన ఆర్డరు పోగొట్టుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం?

మా పిన్ని కూతురు విజయవాడలో చీరలు అమ్ముతుంది. ఓసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు దాని ఆర్డర్ల పుస్తకం తిరగేశాను. పేరు, చిరునామా, చీర రంగు, అంచు ఎంత, ఫాల్ కుట్టించాలా వద్దా, అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టుకుంది. ఒక్కో పేరు కింద కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల ఉండే మూడంకెలు కూడా ఉన్నాయి. ఇదేమిటే అంటే, "వాళ్లు నమ్మి ఇచ్చారక్కా, నేనేమన్నా దొంగనా?" అంది. దాని నిజాయితీని నేనెప్పుడూ శంకించలేదు. కానీ ఆ పుస్తకం ఉండేది హాల్లో టీపాయ్ మీద. కొరియర్ కుర్రాడు వస్తాడు, చీరలు చూడ్డానికి నలుగురు వస్తారు, పనమ్మాయి తుడిచి సర్దుతుంది. ఆ పేజీకి ఫొటో తియ్యడానికి రెండు క్షణాలు చాలు. రేపు ఆ ఇరవైమందిలో ఒకరి కార్డు మీద ఎక్కడో ఎవరో కంప్యూటరు కొనుక్కుంటే, వాళ్లకి ముందు గుర్తొచ్చే పేరు ఎవరిది?

పక్కింటావిడ ఊరెళ్తూ నగల మూట తెచ్చి మన బీరువాలో పెట్టమంటే ఏం చేస్తాం? "లాకర్లో పెట్టుకోండి వదినగారూ" అని నవ్వుతూ తప్పించుకుంటాం. కార్డు నంబరు కూడా అంతే. దాన్ని ఎంత భద్రంగా దాచాలన్నది మన ప్రశ్న కాదు. అది మన గడప లోపలికి రాకుండా డబ్బు ఎలా తీసుకోవాలన్నదే ప్రశ్న. ఈ ఒక్కటీ సరిచేసుకుంటే మిగతా జాగ్రత్తల్లో సగం అవసరమే ఉండదు.

ఫోనులో ఉంటే పుస్తకం కన్నా భద్రమని కొందరనుకుంటారు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో మామూలుగా ఫోన్ గ్యాలరీలోకి చేరుతుంది. అక్కడినుంచి, బ్యాకప్ పెట్టుకుని ఉంటే, ఇంటర్నెట్‌లో మన ఫొటోల ఖాతాలోకి వెళ్తుంది. ఆ ఖాతా మావారి లాప్‌టాప్‌లోనూ, అబ్బాయి ట్యాబ్‌లోనూ తెరిచే ఉంటుంది. ఫోనులో తుడిచేసినా మిగతా చోట్ల మిగిలిపోవచ్చు. పుస్తకంలో పేజీ చించి కాల్చేస్తే ఆ పీడ విరగడవుతుంది, ఆ రకంగా పుస్తకమే నయం!

ఇది మన చాదస్తం కాదు, నియమం కూడా ఉంది. కార్డు సమాచారాన్ని వ్యాపారులు ఎలా చూసుకోవాలన్నదానికి పీసీఐ డీఎస్‌ఎస్ అనే ప్రమాణాలున్నాయి. మొదటిసారి 2004లో వచ్చాయి. వాటిని చూసుకోవడానికి 2006లో వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డిస్కవర్, జేసీబీ కలిసి ఒక మండలి పెట్టుకున్నాయి. ఆ ప్రమాణాల ప్రకారం, చెల్లింపు ఆమోదం పొందాక సీవీవీ అనే ఆ మూడంకెల్ని వ్యాపారి ఏ రూపంలోనూ దాచకూడదు. రహస్య లిపిలో రాసుకున్నా కుదరదు. మన రిజర్వు బ్యాంకు ఇంకో అడుగు ముందుకు వేసింది. 2022 అక్టోబరు 1 నుంచి, కార్డు ఇచ్చిన బ్యాంకు, వీసా, రూపే లాంటి కార్డు నెట్‌వర్కు తప్ప ఇంకెవరూ కార్డు నంబరు దాచకూడదంది. లెక్కలు సరిచూసుకోవడానికి చివరి నాలుగంకెలు, బ్యాంకు పేరు ఉంచుకోవచ్చు, అంతే. నంబరు బదులు టోకెన్ అనే మారు సంఖ్య వాడతారు. కోట్ల వ్యాపారం చేసే పెద్ద సైట్లకే వద్దన్న పనిని మనం రూళ్ల పుస్తకంలో ఎందుకు చెయ్యాలి?

మరి డబ్బు తీసుకునేదెలా? దానికోసమే పేమెంట్ గేట్‌వేలున్నాయి. ఇందులో మనకి తెలియాల్సింది కొంచెమే. కొనేవాళ్లు మన సైటులో చీర ఎంచుకుని డబ్బు కట్టే మీట నొక్కగానే ఆ గేట్‌వే సంస్థ పేజీ తెరుచుకుంటుంది. కార్డు నంబరు కొట్టేది అక్కడ. బ్యాంకు అడిగే ఓటీపీ కూడా వాళ్లకీ బ్యాంకుకీ మధ్యనే. మనకి చేరేది "ఫలానా ఆర్డరుకి ఇంత సొమ్ము వచ్చింది" అన్న కబురు మాత్రమే. సాధారణంగా ఒకటి రెండు పనిదినాల్లో సొమ్ము మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. వెబ్‌సైటు లేనివాళ్లకి కూడా ఈ సదుపాయముంది. గేట్‌వే యాప్‌లో మొత్తం వేసి ఒక పేమెంట్ లింకు తయారుచేసి వాట్సాప్‌లో పంపితే చాలు. డాలస్ అమ్మాయికి చెప్పాల్సిన జవాబు అదే. అయితే విదేశీ కార్డులు తీసుకోవాలంటే గేట్‌వే దగ్గర విడిగా అనుమతి అడగాలి, వాటిమీద రుసుము కూడా ఎక్కువ. ఆ అమ్మాయికి సైటులో "డబ్బు కట్టడం అవడం లేదు" అంటే చాలాసార్లు కారణం ఇదే అయ్యుంటుంది.

రుసుము అనగానే చాలామంది వెనకాడతారు. ఇక్కడి కార్డుల మీద 2 శాతం దరిదాపుల్లో ఉంటుంది, దానిమీద జీఎస్టీ. 3,000 రూపాయల చీరకి 60 రూపాయల రుసుము, దానిమీద 18 శాతం పన్ను, వెరసి 70 రూపాయల 80 పైసలు. చీర మీద నాలుగొందలు మిగిలే చోట డెబ్భై పోవడం బాధే, కాదనను. కానీ ఆ డెబ్భైకి ఆ పదహారంకెల బాధ్యత మన తలమీద లేకుండా పోతుంది. ధర వేసేటప్పుడే దాన్ని కలుపుకోండి. డబ్బాకీ, అట్టపెట్టెకీ, కొరియర్‌కీ కలుపుకోవడం లేదూ! ఇక గేట్‌వేని ఎంచుకునేటప్పుడు ఎవరో ఫోన్ చేసి రుసుమే లేదన్నారని ఒప్పుకోకండి. చెల్లింపులు సేకరించే సంస్థలకి రిజర్వు బ్యాంకు అనుమతి ఉండాలి. అనుమతి ఉన్నవాటి జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోనే ఉంటుంది.

తెనాలి టీచరుగారి సంగతి కొంచెం వేరు. ఆవిడకి నిజంగానే చేతకాదు. ఆవిడ ఓటీపీ చదివి చెప్పడం, మనం కొట్టడం చూడ్డానికి సాయంలాగే ఉంటుంది. మన దేశంలో 2009 ఆగస్టు 1 నుంచి ఇంటర్నెట్‌లో కార్డు వాడితే నంబరుతోపాటు రెండో ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. ఎక్కువగా అది ఓటీపీ రూపంలో వస్తుంది. నంబరు ఎవరి చేతికో చిక్కినా సొమ్ము పోకుండా కాపాడే గొళ్లెం అది. ఫోనులో ఆప్యాయంగా మాట్లాడే ఒకమ్మాయికి ఓటీపీ చెబితే ఏమీ కాదని మనం ఆవిడకి అలవాటు చేస్తున్నాం. వచ్చే నెల ఇంకెవరో అంతే ఆప్యాయంగా "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానమ్మా" అంటే ఆవిడ చెప్పకుండా ఉంటుందా? పెద్దవాళ్లని ముంచేవాళ్ల పని మనం సులువు చేసినట్టవుతుంది. ఆవిడకి లింకు పంపి, మనవడో మనవరాలో పక్కనున్నప్పుడు కట్టమనండి. లేదంటే పార్సిల్ అందాక డబ్బిచ్చే పద్ధతి పెట్టండి. ఆర్డరు రెండ్రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు.

వెబ్‌సైటు ఉన్నవాళ్లు చేయించినవాళ్లని ఒక ప్రశ్న సూటిగా అడగాలి. కార్డు నంబరు కొట్టే గళ్లు గేట్‌వే వాళ్లవా, మన సైటువా? "చూడ్డానికి బావుంటుందని మన పేజీలోనే పెట్టానండీ" అని సమాధానం వస్తే, ఆ గళ్లు గేట్‌వే వాళ్లు ఇచ్చినవేనా, లేక తనే సొంతంగా కట్టినవా అని ఇంకా గుచ్చి అడగండి. సొంతంగా కట్టినవైతే తీయించేయండి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ అంత సంస్థకే 2018లో ఏం జరిగిందో చూడండి. వాళ్ల సైటులోకి దొంగలు దూరి 22 వరుసల చిన్న ప్రోగ్రామ్ ముక్క దాచిపెట్టారు. జనం టిక్కెట్టు కొంటూ కొట్టిన కార్డు వివరాలన్నీ అదే క్షణంలో దొంగల సైటుకి కూడా చేరాయి. ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు 5 దాకా ఎవరికీ అనుమానమే రాలేదు. నాలుగు లక్షలమందికి పైగా ఖాతాదారుల వివరాలు ప్రమాదంలో పడ్డాయి. 2020లో అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం 2 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. పేజీ పైన తాళం గుర్తు ఆ రోజుల్లోనూ ఉంది. ఆ గుర్తుకి అర్థం దారిలో ఎవరూ తొంగి చూడలేరని మాత్రమే. ఇంట్లో దొంగ లేడని అది చెప్పదు.

ఇంకో కథ అమెరికాలో టార్గెట్ దుకాణాలది. 2013 పండగ సీజనులో 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు దూరింది టార్గెట్‌కి ఏసీలు, శీతల యంత్రాల పనులు చేసే ఒక కాంట్రాక్టరు లాగిన్‌తో! మన దుకాణాలకి ఏసీ కాంట్రాక్టరు లేకపోయినా సైటు చేసిచ్చిన కుర్రాడున్నాడు, ఫొటోలు ఎక్కించిన అమ్మాయి ఉంది, ఓ ఆర్నెల్లు పనిచేసి మానేసిన అసిస్టెంటు ఉంది. అందరికీ ఒకటే పాస్‌వర్డు, అందులోనూ దుకాణం పేరు పక్కన 123. వాళ్లవాళ్లకి విడిగా లాగిన్ ఇవ్వండి, మానేసిన రోజే తీసేయండి. గేట్‌వే ఖాతాకి మాత్రం పాస్‌వర్డుతోపాటు ఫోనుకి కోడ్ వచ్చే ఏర్పాటు తప్పకుండా పెట్టుకోండి. సైటుకి అప్‌డేట్ వచ్చిందని సందేశం కనిపిస్తే రేపు చూద్దామని వదిలేయకండి.

డబ్బు వచ్చిందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. స్క్రీన్‌షాట్ పదో తరగతి పిల్లాడు కూడా తయారుచేస్తాడు. సైటులో "చెల్లింపు విజయవంతం" అన్న పేజీ కనిపించడం కూడా రుజువు కాదు, సరిగ్గా కట్టని సైట్లలో ఆ పేజీని నేరుగా తెరవచ్చు. అంతకన్నా చిత్రం, కొన్ని సైట్లలో కొనేవాళ్ల కంప్యూటర్లోనే ధర మార్చేసి 3,000 చీరకి 3 రూపాయలు కట్టి పోవచ్చు. ధర మన జాబితాలోంచే తీసుకుంటున్నారా, గేట్‌వే నుంచి వచ్చిన కబురుని దాని రహస్య సంతకంతో సరిపోల్చి చూస్తున్నారా అని చేసిన కుర్రాణ్ణి అడగండి. అతను నీళ్లు నమిలితే ఇంకొకర్ని చూసుకోండి. ఈలోగా మీరు గేట్‌వే ఖాతా తెరిచి, ఆర్డరు నంబరూ మొత్తం రెండూ కళ్లతో చూసుకున్నాకే పార్సిల్ కట్టండి.

దొంగ కార్డులతో కొనేవాళ్లు కూడా ఉంటారు. కార్డు అసలు యజమాని "ఇది నేను కొనలేదు" అని బ్యాంకుకి చెబితే సొమ్ము వెనక్కి తీసుకుంటారు. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. ఓటీపీతో జరిగిన లావాదేవీ అయితే మనమీదకి వచ్చే అవకాశం తక్కువ. ఓటీపీ లేని విదేశీ కార్డయితే చాలావరకు నష్టం మనదే, చీరా పోయె, డబ్బూ పోయె. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో చాలా రకాల తగాదాలకి 120 రోజుల దాకా గడువుంటుంది కాబట్టి కొరియర్ రసీదు, అందినట్టు సంతకం, మాట్లాడుకున్న సందేశాలు కనీసం ఆర్నెల్లు పారెయ్యకండి. అనుమానించాల్సిన ఆర్డర్లు కొంత తెలిసిపోతూనే ఉంటాయి. ఎప్పుడూ పరిచయం లేని మనిషి, ఒకేసారి ఎనిమిది పట్టుచీరలు, మూడు కార్డులు మార్చి మార్చి ప్రయత్నించడం, ఈ రాత్రికే పంపమని తొందర. అసలు ఎనిమిది పట్టుచీరలు కొంటూ వంద రూపాయలు తగ్గించమని అడగలేదంటేనే నాకైతే అనుమానం వస్తుంది! అర్ధరాత్రి పూట పదేసి, ఇరవయ్యేసి రూపాయల చెల్లింపులు వరసగా విఫలమవుతున్నట్టు కనిపిస్తే, దొంగిలించిన నంబర్లు పనిచేస్తున్నాయో లేదో మన సైటులో పరీక్షిస్తున్నారన్నమాట. వెంటనే గేట్‌వే వాళ్లకి చెప్పండి.

డబ్బు వాపసు ఇవ్వాల్సి వస్తే, ఏ కార్డు నుంచి వచ్చిందో ఆ కార్డుకే, గేట్‌వే ద్వారానే పంపండి. "పొరపాటున ఎక్కువ కట్టాను, మిగతాది ఈ యూపీఐకి వెయ్యండి" అన్నవాళ్లకి అస్సలు వెయ్యకండి. కట్టింది దొంగ కార్డయితే మనం రెండుసార్లు నష్టపోతాం.

ఇప్పటికే కార్డు నంబర్లు రాసుకుని ఉన్నవాళ్లు ఈ ఆదివారం కూర్చుని ఆ పేజీలు చించేయండి. ఫొటోలు ఫోన్లోనూ బ్యాకప్‌లోనూ తుడవండి. మా పిన్ని కూతురు చింపడమే కాదు, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "మీ నంబరు నా దగ్గరుండేది, తీసేశాను, ఈసారి నుంచి లింకు పంపిస్తాను" అని చెప్పింది. ఒక్కరూ కోప్పడలేదట, ఇద్దరు మళ్లీ ఆర్డరు కూడా ఇచ్చారు. పుస్తకమో ఫోనో పోయిందనుకుంటే మాత్రం దాచుకోకూడదు. ఆ కార్డులు వెంటనే బ్లాక్ చేయించుకోమని వాళ్లకి చెప్పాలి. సొమ్ము పోయినట్టు తెలిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఆలస్యం చేయకుండా ఫోన్ చేయాలి.

ఇంకొక్క మాట ఉంది. ఇది సాంకేతికం కాదు. ఆ గేట్‌వే ఖాతా ఎవరి పేరున ఉంది? నేను అడిగినవాళ్లలో చాలామంది తడుముకున్నారు. పాన్ మావారిది, బ్యాంకు ఖాతా మావారిది, ఈమెయిల్ సైటు చేసిన కుర్రాడిది, ఓటీపీ వెళ్లేది హైదరాబాదులో చదువుకుంటున్న అబ్బాయి ఫోనుకి. తెల్లారి నాలుగింటికి లేచి పొడులు కొట్టేది ఈవిడ, డబ్బు వచ్చిందో లేదో చూడాలంటే అబ్బాయి క్లాసు అయ్యేదాకా ఆగేది కూడా ఈవిడే. మావారు పరాయివాళ్లా అంటారు. కాదు. కానీ వాపసు ఇవ్వాలన్నా, దొంగతనం అనుమానమొచ్చి ఖాతా ఆపాలన్నా నిమిషాల్లో జరగాల్సిన పని అది. తాళంచెవి ఊరవతల ఉంటే ఎలా? ఇంకో చిక్కు కూడా ఉంది. కొనేవాళ్ల కార్డు స్టేట్‌మెంట్‌లో మీ దుకాణం పేరు బదులు వాళ్లెప్పుడూ వినని పేరేదో కనిపిస్తే, ఎవరో కాజేశారనుకుని బ్యాంకుకి ఫిర్యాదు చేస్తారు. తగాదాల్లో కొన్ని ఇలా మొదలయ్యేవే.

బ్యాంకు పాస్‌బుక్కు, గేట్‌వేలో ఉన్న పేరు, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మీవి కాకపోతే మార్పించుకోవచ్చు. పాన్, బ్యాంకు ఖాతా, చిరునామా కాగితాలు మళ్లీ ఇవ్వమంటారు, పరిశీలనకి కొన్ని రోజులు పట్టచ్చు, ఆ రోజుల్లో వచ్చే సొమ్ము ఆగినా ఆగుతుంది. శ్రావణమాసం రద్దీలోనో, దసరా ముందో ఈ పని పెట్టుకోకండి. ముహూర్తాలు లేక బేరాలు పల్చబడే మూఢంలో పెట్టుకోండి.